కరువు గిన్నె

మీ చేనుకు నీళ్ళు అందలేదనుకోండి. మొదట ఎవరి మెడ పట్టుకుంటారు? దాచకుండా చెప్పండి. తూము దగ్గర కూర్చున్నవాడి మెడే కదా! వకుళ కూడా అదే చేసింది. ఆ పట్టు ఎలా సడలిందో, సడలిన చెయ్యి తరవాత ఎటు చూపించిందో చెబుతాను, వినండి.

రుక్మాంగదయ్య గారు ముప్పై ఏళ్ళు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి, విరమణ తరవాత ఏటి ఒడ్డున ఎర్రమడుగులో స్థిరపడ్డారు. ఆదివారం పొద్దున ఆయన వసారాలో పాతా కొత్తా విద్యార్థులు పదిమంది చేరేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. తేలిక ప్రశ్నకు కూర్చునే జవాబు చెప్పేవారు. బరువైన ప్రశ్న వస్తే మాత్రం ఒక్క మాటా అనకుండా లేచి చెప్పులు వేసుకునేవారు. అది చూసి శిష్యులు కూడా గబగబా తమ చెప్పులు వెతుక్కునేవారు.

ఆ ఆదివారం ఆయనను లేపింది వకుళ. చర్చా పోటీల్లో గెలిచిన పిల్ల. ఎదుటివాడి వాదనలో చిల్లు ఎక్కడుందో వెతకడం ఆమెకు ఒక వ్యసనం. అయితే ఆ రోజు ఆమె పోటీకి రాలేదు. వాళ్ళమ్మ ధనకోటి పట్నంలో ఒక షెడ్డులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. బ్యాంకు అప్పు మీద నడిచే ఇరవైరెండు మిషన్ల షెడ్డు. కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచిన ఐదు నెలలకు ఆ షెడ్డుకు తాళం పడింది.

“సార్, ధరలు అదుపు చెయ్యడానికి వడ్డీ పెంచామన్నారు. సరే, నమ్ముదాం. దేశమంతటికీ ఒకటే రేటు, పెద్దాచిన్నా తేడా లేదన్నారు. అదీ నమ్ముదాం. మరి అదే ఊళ్ళో పెద్ద మిల్లు ఒక్క పూట కూడా ఆగలేదు, మా అమ్మ మిషను ఎందుకు ఆగింది? బ్యాంకు మేనేజర్ని అడిగితే పైవాళ్ళంటాడు. షెడ్డు ఓనర్ని అడిగితే బ్యాంకంటాడు. టీవీలో పెద్దమనిషిని అడిగితే, ఐదు నెలల కిందటి మాటకూ దీనికీ సంబంధమే లేదంటాడు. నడిమధ్యలో ఎవడో నొక్కేస్తున్నాడు సార్. వాడెవడో చెప్పండి, నాకు అంతే చాలు.”

“చెబితే ఏం చేస్తావే?” అని పక్కనున్న పిల్ల నవ్వింది.

“వాడి ఇంటిముందు కూర్చుంటాను.”

రుక్మాంగదయ్య గారు లేచి చెప్పులు వేసుకున్నారు. గొడుగు చేతికి తీసుకుని, “రామ్మా. ఇక్కడ ఒకాయన మీద ఊరంతటికీ ఇదే అనుమానం ఉంది. ముందు ఆయన్ను పట్టుకుందాం” అన్నారు. మిగతావాళ్ళను వసారాలోనే ఉండమన్నారు.

ఎర్రమడుగు చేలకు నీళ్ళు ఊటకాలువ నుంచి వస్తాయి. ఏటి ఇసుక కింద ఊరే నీళ్ళను ఒక గుంటలో పట్టి, తూము పలక ఎత్తి కాలువలోకి వదులుతారు. ఎవరి వంతు ఎంతసేపన్నది గడియారం చూసి లెక్కపెట్టరు. గంగాళం నిండా నీళ్ళు పోసి, అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నెను అందులో తేలేస్తారు. నీళ్ళు చిల్లులోంచి ఎక్కి గిన్నె మునిగితే ఒక మునక. మునగ్గానే కంచు పళ్ళెం మీద ఒక దెబ్బ. ప్రతి ఇంటికీ నాలుగు మునకల నీళ్ళు. పెద్ద ఆసామికీ అంతే, పేదరాలికీ అంతే. తాతల నాటి కట్టుబాటు, ఇవాళ్టికీ అదే నడుస్తోంది.

గిన్నెలు రెండున్నాయి. మంచి రోజుల్లో వాడే నిండు గిన్నె మునగడానికి ఇరవైనాలుగు నిమిషాలు పడుతుంది. రెండోది కరువు గిన్నె. దాని చిల్లు కాస్త పెద్దది, పద్దెనిమిది నిమిషాలకే మునుగుతుంది. ఊటగుంటలో నీళ్ళు దిగినప్పుడు కాలువ పెద్దలు ఐదుగురూ తూము పక్కనున్న రేకుల పందిట్లో కూర్చుని, గిన్నె మార్చాలో వద్దో తేలుస్తారు. మార్చిన రోజు నుంచి అందరి వంతూ ఒక్కలాగే కురచవుతుంది. ఆ ఏడు నాలుగు రోజుల కిందటే కరువు గిన్నె దించారు.

వాళ్ళు వెళ్ళేసరికి కాలువ పెద్ద నారపరెడ్డి వంతు నడుస్తోంది. గంగాళం ముందు నీరుగంటి ఓబులేసు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గిన్నె కాయడం అతనికి వంశం నుంచి వచ్చిన పని. పక్కనే పార భుజాన వేసుకుని గంగులమ్మ నిలబడి ఉంది. కాలువ చిట్టచివరి చేను ఆమెది. ముప్పై సాళ్ళ రాగి పైరు వెన్ను తీసి, అప్పుడప్పుడే పాలు పోసుకుంటోంది. పదిరోజులకొకసారి వచ్చే ఆమె వంతు ఆ రోజే.

“ఈ పొద్దు తడి పడితే గింజ, పడకుంటే తాలు. మళ్ళా వంతుకు ఇంక నీళ్ళు పెట్టీ లాభం లేదు అయ్యవారూ” అంది గంగులమ్మ. అని ఓబులేసు వైపు ఒక చూపు విసిరింది. “నాలుగేండ్ల కిందట కరువు గిన్నె దించిరి. ఎండింది ఎవురి చేను? నాది. అంతకు ముందు దించినపుడు? అప్పుడూ నాదే. రెడ్డి చేను మాత్రం పచ్చగా కళకళలాడతాంటాది. గిన్నె ఒగటేనంట! నేను నోరున్నదాన్ని కాదు గాబట్టి సరిపోయింది.”

“నోరు లేకుండానే ఇన్ని మాటలు అంటాండావే” అన్నాడు ఓబులేసు తలెత్తకుండా.

ఆమె సాళ్ళలోకి నీళ్ళు మళ్ళించే మడవ సరిచేసుకోవడానికి చేని వైపు వెళ్ళిపోయింది. వకుళ మాత్రం కదల్లేదు. ఓబులేసు వేళ్ళనే చూస్తూ నిలబడింది. అతను బొటనవేలితో గిన్నె అంచు తుడిచాడు. ఎందుకు తుడిచాడు? గంగాళంలో పడిన ఆకు తీశాడు. ఆకు తీశాడా, నీళ్ళు కదిపాడా? అనుమానం ఒకసారి కళ్ళలో పడితే, మనిషి తుమ్మినా అది సైగలాగే కనిపిస్తుంది. వకుళ ఫోన్ తీసి నిమిషాలు లెక్కపెట్టింది. పద్దెనిమిది. మళ్ళీ పెట్టింది. పద్దెనిమిదే.

“రెడ్డిగారి వంతుకు బాగానే ఉంది. గంగులమ్మ వంతుకు ఎంతవుతుంది?” అంది.

“అంతే అవుతాది పాపా.”

“మేం వెళ్ళిపోయాక కూడానా? చిల్లు గీకినా, చిటికెనవేలితో నొక్కినా ఆ చివర ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది?”

ఓబులేసు లేచి నిలబడ్డాడు. కోపంతో కాదు, మోకాళ్ళు పట్టేసినవాడిలా నెమ్మదిగా. “పాపా, నాకు జీతం లేదు. పంట నూర్చినపుడు ఒక్కో చేని నుంచి ఇన్ని గింజలని కొలుస్తారు. ఆయమ్మ చేను తాలైతే నా చేటలోకి తాలే వస్తాది. నా గింజలు నేనే దొంగిలిస్తానా?” అని, కంచు పళ్ళెమూ కొయ్య సుత్తీ ఆమె చేతికిచ్చాడు. “గంగులమ్మ వంతుకు నువ్వే కూచో. నా నీడ గూడా గిన్నె మీద పడదు.”

అతను పది అడుగులు దూరం పోయి, అటు తిరిగి కూర్చున్నాడు. వకుళ గురువు ముఖం చూసింది. ఆయన గొడుగు విప్పుకుని కాలువ గట్టు వెంట చివరి చేని వైపు నడిచారు.

నారపరెడ్డి వంతు ముగిశాక కట్టుబాటు ప్రకారం తూము మూశారు. గుంటలో నీళ్ళు మళ్ళీ ఊరాలి. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలువ అడుగు బూడిద రంగుకు తిరిగింది. ఆ తరవాత పలక ఎత్తారు, వకుళ గిన్నె తేలేసింది.

ఎంత నిష్ఠగా కూర్చుందనుకున్నారు! ఈగ వాలితే చేత్తో తోలలేదు, గాలి కదులుతుందని. కొస తగులుతుందని చున్నీ నడుముకు బిగించి కట్టింది. మొదటి మునక, ఒక దెబ్బ. రెండోది, ఇంకో దెబ్బ. ఇవాళ ఆ చేనుకు ఒక్క చుక్క కూడా తక్కువ కాదు, ఇవాళ గిన్నె దగ్గర ఉన్నది నేను అనుకుంది. మూడోది. నాలుగో మునకకు గిన్నె అంచు నీళ్ళతో సమమై, ఒక్క క్షణం ఆగి, లోపలికి జారి గంగాళం అడుగున ఠంగుమంది. ఆ ఠంగుతోపాటే వకుళ పళ్ళెం మీద కొట్టింది. డెబ్బైరెండు నిమిషాలు. సెకను ముందు కాదు, సెకను వెనక కాదు.

“సరిగ్గా కొట్టినావు” అన్నాడు ఓబులేసు అటు తిరిగే. లేచొచ్చి పలక దించాడు.

గంగులమ్మ గట్టు మీద కనబడడానికి చాలాసేపు పట్టింది. చీర మోకాళ్ళ పైకి ఎగగట్టి, బురద కాళ్ళతో, పారను ఈడ్చుకుంటూ వచ్చింది. వస్తూనే అరిచింది. “ఓబులేసూ! నీ ఇల్లు బంగారం గాను! ముప్పై సాళ్ళకు పద్నాలుగు తడిసినాయి. పదైదో సాలులోకి నీళ్ళు తల పెట్టి, సన్నబడి, దారంలాగా తెగిపాయ! ఎంత తొందరొచ్చె నీకు? ఎవురికి మోసుకపోయి పోస్తివి నా నీళ్ళు?”

ఓబులేసు గడ్డంతో వకుళ వైపు చూపించాడు.

“నేనే పెద్దమ్మా. ఇవాళ గిన్నె దగ్గర నేనే కూర్చున్నాను” అంది వకుళ.

గంగులమ్మ పార నేల మీద ఆనించి ఆమెను పైనుంచి కిందికి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. “నువ్వా పాపా?” అంది. “నువ్వు నా తట్టు మనిషివనుకుంటినే!”

 వకుళ ఫోన్ చూపించబోయింది. డెబ్బైరెండు నిమిషాలు, కావాలంటే చూడు అనబోయింది. ఎండిన పదహారు సాళ్ళ మనిషికి ఆ అంకె చూపించడం ఎంత సిగ్గుమాలిన పనో చెయ్యి సగం లేచాక తెలిసింది. ఫోన్ దించేసింది.

వెనకాల వచ్చిన రుక్మాంగదయ్య గారు గొడుగు ముడిచి, “తూము తెరిచినప్పుడు నేను వాచీ చూసుకున్నాను. నీళ్ళు ఆమె గట్టు తాకింది యాభై నిమిషాలకు” అన్నారు. 

వకుళ ఒక్కతే కాలువ వెంట నడిచింది. మొదటి చేను నారపరెడ్డిది. తూము నుంచి నీళ్ళు అక్కడికి రెండు నిమిషాల్లో చేరతాయి. ఆ తరవాత మిగతా నలుగురు పెద్దల చేలు, పక్కపక్కనే. గిన్నె మునిగిన చప్పుడు ఐదుగురికీ తమ గట్ల మీద నిలబడితే వినిపిస్తుంది. అక్కడి నుంచి కాలువ మలుపు తిరిగి ఇసుక నేలలో పడుతుంది. ఇసుక తాగింది, నెర్రెలు తాగాయి, ఎండ్రకాయ బొక్కలు తాగాయి. ఒకచోట తుంగ దుబ్బు కింద నీళ్ళు నిలిచి, చూస్తుండగానే ఇంకిపోతున్నాయి. తాను పళ్ళెం మీద కొట్టిన దెబ్బ ఈ చివరికి వినిపించదని ఆమెకు అప్పుడు తట్టింది. గంగులమ్మకు తీర్పు చప్పుడుగా రాలేదు, నీళ్ళు సన్నబడడంగా వచ్చింది.

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. నిండు గిన్నె ఉన్నప్పుడు నారపరెడ్డి చేనులో నీళ్ళు తొంభైనాలుగు నిమిషాలు పారేవి, ఇప్పుడు డెబ్బై. పావు వంతు పోయింది. గంగులమ్మ చేనులో నలభైయారు నిమిషాలు పారేవి, ఇప్పుడు ఇరవైరెండు. సగం కూడా మిగల్లేదు. ఒకే గిన్నె, ఒకే చిల్లు, ఒకే దెబ్బ. దారి తినేది మాత్రం ఎప్పుడూ యాభై నిమిషాలే, మంచి రోజైనా కరువు రోజైనా. వంతు కురచవుతుంది కానీ దారి కురచవదు.

గిన్నె దొంగ కాదు. గిన్నె దగ్గరి మనిషీ దొంగ కాదు. అయినా చేను ఎండింది. ఇంతకు మించి అనుమానించాల్సిన సంగతి ఇంకేముంటుంది? దొంగ ఉంటే పట్టుకోవచ్చు. దొంగ లేకుండానే దొంగతనం జరిగిపోయే ఏర్పాటును ఎక్కడని పట్టుకుంటాం? ఆ తుంగ దుబ్బు దగ్గర నిలబడి వకుళ పైకే అంది: “ఐదు నెలలు. ఆ వడ్డీ అమ్మ దగ్గరికి నడిచి రావడానికి ఐదు నెలలు పట్టింది.”

సాయంత్రం పొద్దు వాలకముందే ఆమె రేకుల పందిట్లోకి వెళ్ళింది. ఐదుగురు పెద్దలూ ఉన్నారు.

“గిన్నె మార్చడం తప్పంటున్నావా అమ్మాయ్?” నారపరెడ్డి మర్యాదగానే అడిగాడు. “గుంట రెండు జానలు దిగింది. మార్చకపోతే పదిరోజుల్లో అడుగు బయటపడుతుంది. అప్పుడు నాకూ ఉండవు, గంగులమ్మకూ ఉండవు.”

“మార్చడం తప్పనలేదండీ. గుంట నేనూ చూశాను. ఆమె వంతును తూము తెరిచినప్పటి నుంచి కాకుండా, నీళ్ళు ఆమె గట్టు తాకినప్పటి నుంచి లెక్కపెట్టండి. తగ్గాల్సిన నీళ్ళేవో అందరి వంతులోనూ ఇంకాస్త తగ్గించుకోండి.”

“అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్కా? రేపు ఇంకొకడొచ్చి నా చేను మెరక అంటాడు. అందరికీ ఒకటే గిన్నె. మా తాత కూర్చున్నా అదే, నేను కూర్చున్నా అదే. అందులో నా స్వార్థం చూపించు, ఇప్పుడే లేచిపోతాను.”

వకుళ వెతికింది. నిజంగానే కనిపించలేదు. అందుకే ఇంకో ప్రశ్న అడిగింది. “రెడ్డిగారూ, కాలువ చివరిదాకా మీరు ఆఖరుసారి ఎప్పుడు నడిచారు?”

ఆయన, “నాకక్కడ పనేముంది తల్లీ?” అన్నాడు.

అందులో వెటకారం లేదు. చాలా నిజాయితీగా అన్నాడు. వకుళను భయపెట్టింది ఆ నిజాయితీయే. పెద్దలు ఆ మాటనూ ఆలోచిస్తామన్నారు. ఆలోచించడానికి మళ్ళీ కూర్చునేది కోతలయ్యాకేనన్నారు.

కోతలయ్యాయి. ఆ ఆదివారం వకుళ వసారాలోకి రెండు రాగి వెన్నులు పట్టుకొచ్చింది. ఒకటి గంగులమ్మ పద్నాలుగో సాలులోది, ఒకటి పదిహేనో సాలులోది. రెండు సాళ్ళ నడుమ ఎడం జానెడు. చూపుకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. రుక్మాంగదయ్య గారు మొదటిదాన్ని అరచేతిలో నలిపి ఊదారు. పొట్టు ఎగిరి, ఎర్రటి గింజలు చేతిలో నిలిచాయి. రెండోదాన్ని నలిపి ఊదారు. చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతిని పదిమంది ముందూ కాసేపు అలాగే ఉంచారు.

“ఈ ఏడు ఓబులేసు చేటలోకి గంగులమ్మ ఇవే కొలిచింది సార్. సగం గింజ, సగం తాలు. ఆయన ఒక్క మాట అనకుండా తీసుకున్నాడు” అంది వకుళ.  “నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఎవడు నొక్కేశాడని అడిగాను.”

“అనుమానం తప్పు కాదమ్మా. దాన్ని పోగొట్టుకోకు” అన్నారాయన. “నిలబెట్టిన చోటు తప్పు.”

బల్ల మీద ఆనాటి పత్రిక ఉంది. వడ్డీ సంగతి తేల్చడానికి కేంద్ర బ్యాంకు పెద్దలు వచ్చే వారం మళ్ళీ కూర్చుంటున్నారని అందులో వేశారు. రేటు పెరుగుతుందా, తగ్గుతుందా, ఉన్నచోటే ఉంటుందా అని కుర్రాళ్ళు అప్పటికే పందేలు వేసుకుంటున్నారు. రుక్మాంగదయ్య గారు పత్రిక మడిచి పక్కన పెట్టి, అందరి వైపూ చూశారు.

“ఆ రోజు లోకమంతా తూము దగ్గరే గుమిగూడుతుంది, గిన్నె ఎప్పుడు మునుగుతుందా అని. మీరు అక్కడికి పోవద్దు. మీకు తెలిసిన కాలువల్లో చిట్టచివరి చేను ఏదో, అక్కడికి నడవండి. కుట్టుమిషనైనా సరే, కొట్టైనా సరే. నీళ్ళు ఎన్నాళ్ళకు వచ్చాయి, ఎన్ని సాళ్ళు తడిశాయి, మీ కళ్ళతో చూసి రాయండి. రాసింది పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు వినబడేలా చదవండి.”

 ఆయన లేచి, గొడుగు తీసుకున్నారు.

“ఇంకా కూర్చున్నారేం? చెప్పులేసుకోండి.”